మంచాలు ఇంట్లోకి పోయిన ఎండాకాలం

పాలమూరు పల్లెల్లో ఎండాకాలం మొదలైందంటే రాత్రిళ్లు మంచాలు ఇంట్లో ఉండవు. పొద్దుగూకగానే నులక మంచాలూ నవారు మంచాలూ వాకిట్లోకి, వీధి అరుగుల పక్కకి వచ్చేస్తాయి. రాతి గోడల ఇళ్లు పగలంతా తాగిన ఎండను రాత్రి పదకొండింటి దాకా కక్కుతూనే ఉంటాయి. లోపల పడుకోవడం ఎవరి తరమూ కాదు. అలాంటిది 2018 ఎండాకాలంలో గద్వాల, వనపర్తి జిల్లాల్లోని కొన్ని ఊళ్లలో చీకటి పడేసరికి వీధులు ఖాళీ అయ్యాయి. మంచాలు లోపలికి పోయాయి, తలుపులు పడ్డాయి. ఊళ్లు తిరిగే పోలీసుల కంట ఇది పడింది. ఎందుకని అడిగితే జనం ఫోన్లు తీసి చూపించారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, కడుపులు కోసి కిడ్నీలు తీసుకుపోతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు.

ఆ తర్వాతి నెలల్లో దేశంలో చాలా చోట్ల అలాంటి వీడియోలే మనుషుల ప్రాణాలు తీశాయి. ఈ రెండు జిల్లాల్లో మాత్రం ఆ పుకార్ల వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. మంచం లోపలికి పోయిన సంగతిని ఒక పోలీసు పట్టించుకోవడానికీ, ముక్కూ మొహం తెలియని బాటసారి ఒకడు బతికిపోవడానికీ నడుమ ఏం జరిగిందో ఆ నేల మీదికే పోయి తెలుసుకోవాలని నాకు చాలా కాలంగా ఉంది. మొన్న ఏప్రిల్‌లో ఆ పని పెట్టుకున్నాను. గద్వాల, అక్కణ్నుంచి వనపర్తి, చివరికి నాగర్‌కర్నూలు. మూడూ బస్సుల్లోనే.

గద్వాలలో దిగేసరికి ఉదయం ఏడున్నర. బస్టాండు దగ్గర బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని టీ తాగాను. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న ఈ సీమను నడిగడ్డ అంటారు. ఇక్కడి మాటలో కర్నూలు యాసా రాయచూరు కన్నడమూ రెండూ వినిపిస్తాయి. కోటలోకి వెళ్లి చెన్నకేశవస్వామి గుడి చూసి, రాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరున్న కాలేజీ ముందు నుంచి నడిచి బయటికొచ్చాను. చీరల దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. ఊరి అందం మీద నా మనసు నిలవలేదు. నేను చూడాలనుకున్నవి ఊరి బయట పల్లెలు.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్, అంటే పాలమూరు జిల్లాను విడగొట్టి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు చేశారు. అంతకు ముందు అలంపురం మనిషి ఎస్పీకి అర్జీ పెట్టుకోవాలంటే సుమారు వంద కిలోమీటర్లు పోవాల్సిందే. దూరం తగ్గినంత మాత్రాన పోలీసు దగ్గరివాడైపోడు. ఆ పని ఎవరో ఒకరు పూనుకొని చెయ్యాలి. 2018లో గద్వాల, వనపర్తి రెండు జిల్లాలకూ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పూనుకున్నారు. ఆమెది కేరళలోని మున్నార్, 2009 బ్యాచ్ ఐపీఎస్. అంతకు ముందు మహబూబ్‌నగర్ ఎస్పీగా బాల్యవివాహాలను ఆపడం మీద గట్టిగా పనిచేశారు. ఇక్కడికి వచ్చాక ఒక్కో పోలీసుకు కొన్ని ఊళ్లు అప్పజెప్పి, ఆ ఊళ్లకు అతణ్ని గ్రామ పోలీసు అధికారిని చేశారు. కేసు ఉన్నా లేకపోయినా ఆ ఊరికి పోవాలి, అరుగు మీద కూర్చోవాలి, మంచీ చెడ్డా అడగాలి. రెండు జిల్లాల్లో కలిపి 400కు పైగా ఊళ్లు. మంచాల సంగతి స్టేషన్‌కు ఫిర్యాదుగా రాలేదు. అలా తిరిగే మనుషుల వల్ల వచ్చింది.

మల్దకల్ వైపు పోయే రోడ్డు మీద ఒక ఊళ్లో దిగాను. వేపచెట్టు కింద ఒక అవ్వ చింతపండు గింజ తీస్తోంది. డెబ్బై దాటి ఉంటాయి. నేను అడిగింది అర్థం కావడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక చేతిలో పని ఆపేసింది.

"ఎండాకాలం ఇంట్ల ఎవరు పండుతరు బిడ్డా? ఉడుకకు పానం పోతది. ఆ యేడు మాత్రం పండినం. పొద్దుగూకంగనే గొళ్లెం పెట్టుకొని పండినం. నాకు ఫోనేడిది? పక్కింటి పిలగాడు చూపిచ్చిండు. కడుపు కోసిండ్రు అందుల. రెండు దినాలు నాకు బువ్వ దిగలె."

ఆమె కొడుకూ కోడలూ అప్పుడు పుణెలో మట్టిపనిలో ఉన్నారు. ఇద్దరు మనవళ్లు ఈమె దగ్గర.

"పిల్లలు నా తాననే ఉండ్రి. వాళ్లకేమన్న అయితే కొడుక్కు ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె?"

ఆ మాట విన్నాక నాకు చాలా సంగతులు తేటపడ్డాయి. చదువురాని జనం కాబట్టి వీడియోలు నమ్మారని అప్పట్లో పట్నంలో చాలామంది తేల్చి పారేశారు. పాలమూరు సంగతి తెలిసినవాళ్లు అలా అనరు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. ఆనకట్టలకు, కాలువలకు, పెద్ద పెద్ద భవంతులకు మట్టి మోసిన చేతులు ఈ ఊళ్లవి. తల్లిదండ్రులు బస్సెక్కి పోతే పిల్లలు ముసలివాళ్ల కాపలాలో మిగులుతారు. ఒకరి బిడ్డను ఒకరు నమ్మి అప్పజెప్పి పోయిన ఇల్లది. అలాంటి ఇంటి గడపలో పిల్లల్ని ఎత్తుకుపోతారన్న మాట పడితే భయం పుట్టకుండా ఎలా ఉంటుంది? పుకారు వచ్చి తగిలింది సరిగ్గా ఇంటి బలహీనమైన చోటే. ఈ సీమలో పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పనికి పసిపిల్లల్ని తీసుకుపోయే దళారులు నిజంగానే ఉండేవాళ్లు. పిల్లలు బడి మానేసి మాయమవడం ఈ ఊళ్లకు కొత్త కాదు. అందుకే ఆ భయం మీద నాకు గౌరవం ఉంది.

పోలీసాయన వచ్చి ఏం చెప్పాడని అడిగాను.

"ముందుగాల ఏం చెప్పలె. మంచం లోపటెందుకేసినవ్ అవ్వా అని అడిగిండు. పోలీసోళ్లు వస్తె ఎవని పేరో అడుగుతరు, ఎవని ఇల్లో అడుగుతరు. మంచం సంగతి అడిగిన పోలీసును గప్పుడే చూసిన."

ఆ సాయంత్రం గద్వాలలో పోలీసు కళాబృందంతో కలిసి కొన్నాళ్లు ఊళ్లు తిరిగిన ఒక డప్పు కళాకారుడు కలిశాడు. యాభై దాటిన మనిషి. డప్పు అంచు మీద బొటనవేలు ఆనే చోట తోలు నల్లగా నిగనిగలాడుతోంది. మంట చూపించి బిగువు తెచ్చుకుని, చిర్రాతో రెండు దెబ్బలు వేసి వినిపించాడు. చాటింపు దెబ్బ వేరు, పాట దెబ్బ వేరు అన్నాడు. చాటింపు దెబ్బ వినబడితే ఇళ్లలో ఉన్నవాళ్లు పని ఆపి గడప దాకా వస్తారు. పాట దెబ్బకు నడిచి వస్తారు. ఆ ఎండాకాలం ముందు చాటింపు దెబ్బతో పిలిచి, జనం గుమిగూడాక పాటలోకి దించేవాళ్లట. ఆ వీడియోలు ఎక్కడివో, ఎలా కత్తిరించారో పాటలో చెప్పేవాళ్లు. కొత్త మనిషి కనబడితే కొట్టొద్దు, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి అని నంబరు కూడా పాటలోనే వచ్చేది. పాటలో నంబరు ఎలా అతికించారని అడిగితే అంకె అంకెకు ఒక దెబ్బ వేసి చూపించాడు. పది అంకెలు, పది దెబ్బలు. విన్నవాడు మర్చిపోవడం కష్టం.

ఆ ఏడాది తిరిగిన వీడియోల్లో ఒకటి మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకునే పిల్లవాణ్ని ఎత్తుకుపోయేది. అది నిజానికి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన ప్రచార చిత్రం. చివర్లో ఆ ఇద్దరూ పిల్లవాణ్ని తిరిగి తెచ్చి దించి, జాగ్రత్త చెప్పే బోర్డు పట్టుకుంటారు. ఆ చివరి ముక్క కోసేసి మిగతాది పంచారు. చివరి ముక్క ఉంటే హెచ్చరిక, లేకపోతే హత్యకు పురికొల్పే మాట. దాన్ని తెలుగులో, ఊరి యాసలో, ఊరి మధ్య నిలబడి ఎవరో ఒకరు చెప్పాల్సి వచ్చింది. పోలీసులు చాటింపుతో ఆగలేదు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తామూ చేరారు, సర్పంచులకు తమ నంబర్లు ఇచ్చారు. ఏదన్నా వీడియో వస్తే వాళ్లకు పంపి నిజమా అని అడగొచ్చు.

నడిగడ్డ దాటడానికి వనపర్తి బస్సెక్కాను. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర పెద్ద రోడ్డెక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి పెబ్బేరు చేరింది బస్సు. ఎండకు నదిలో బండలు తేలి ఉన్నాయి. ఆ రోజు శనివారం, పెబ్బేరు సంత. రోడ్డు పొడవునా గొర్రెలు, ఎడ్లు, వాటిని ఎక్కించుకొచ్చిన డీసీఎంలు. సంతలో అందరూ పరాయివాళ్లే. కర్ణాటక నుంచి వచ్చిన బేరగాడు, కర్నూలు వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి, తాళ్లూ పలుపులూ అమ్ముకునేవాడు, సోది చెప్పే ఆమె. ఎవరూ ఎవరినీ నువ్వెవరని అడగరు. అడిగితే సంత నడవదు.

అక్కడ దిగి ఒక గంట తిరిగాను. తిరుగుతున్నంతసేపూ రైన్‌పాడా గుర్తొస్తూనే ఉంది. మహారాష్ట్ర ధూళే జిల్లాలోని ఆ ఊళ్లో 2018 జులై 1 ఆదివారం, వారపు సంత రోజు. అడుక్కుని బతికే గోసావీ సంచార కులస్తులు ఐదుగురు బస్సు దిగారు. వాళ్లలో ఒకరు ఒక చిన్నపిల్లతో మాట్లాడబోయారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న అనుమానంతో వాళ్లను పంచాయతీ కార్యాలయంలో వేసి కొట్టి చంపారు. మరో పన్నెండు రోజులకు, జులై 13న, బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాదు నుంచి మిత్రులతో వచ్చిన ఒక యువ ఇంజనీరు ప్రాణం పోయింది. పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు, అంతే. అంతకు ముందు మే నెలలో, రంజాన్ రోజుల్లో, పాలమూరు వైపు నుంచి హైదరాబాదు వెళ్లి చాంద్రాయణగుట్టలో అడుక్కుంటున్న ఒక హిజ్రాను కొట్టి చంపారు. ఆమె మన జిల్లా మనిషి. మన ఊళ్లలో బతికిపోయేదేమో, పట్నంలో చంపేశారు. సంతలో గొర్రెల అరుపుల మధ్య ఆ ఆలోచన నన్ను వదల్లేదు.

2018 వదంతుల్లో ఇక్కడ ఎక్కువగా వినబడిన పేరు పార్థీ ముఠా. పార్థీలు వేట మీద బతికిన సంచార జాతి. బ్రిటిషు ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తర్వాతి కాలంలో అలాంటి జాతులెన్నిటినో పుట్టుకతోనే దొంగలని రిజిస్టర్లలో రాసుకుంది. మన స్టువర్టుపురం ఎరుకల వాళ్లకు జరిగింది కూడా అదే. ఆ చట్టం 1952లో రద్దయింది. రద్దయిన చట్టం పోలీసు రిజిస్టరు నుంచి జనం నోటికి, జనం నోటి నుంచి వాట్సాప్‌కు పాకింది. ఒకప్పుడు ఠాణాలో రాసిన మాటే అది. దాన్ని ఊరూరా తిరిగి చెరిపే బాధ్యత పోలీసులది కాకపోతే ఇంకెవరిది? నడిగడ్డలో వాళ్లు ఆ పని చేశారన్నది నాకు అన్నిటికన్నా పెద్ద సంగతిగా తోస్తుంది.

2018 జులై 17న సుప్రీంకోర్టు మూకదాడుల మీద ఇచ్చిన తీర్పులో ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి అధికారిని వాటిని ఆపే పనికి నియమించాలని ఆదేశించింది. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. రెండూ అవసరమే. అవి వచ్చేనాటికి ఈ ఊళ్లలో డప్పు మోగి నెలలు దాటింది.

వనపర్తిలో రాజావారి భవనం ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ. దాని ముందు చెట్ల నీడన కూర్చుంటే ఒక రిటైర్డు టీచరు మాట కలిపారు. వాళ్ల తాతల కాలంలో ఊళ్లో పోలీసు పటేలు ఉండేవాడు. నైజాం కాలం నుంచి వచ్చిన వ్యవస్థ, 1980ల నడిమిలో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసే దాకా ఉంది. ఊరికి ఎవరొచ్చారు, ఎవరింట్లో దిగారు, ఎవరి ఎద్దు పోయింది, ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, అన్నీ పటేలుకు తెలుసు. "ఊరిని ఆయనకంటే బాగా ఎరిగినవాడు లేడు సార్. కానీ ఆయన వాకిట్లోకి మా నాయిన చెప్పులేసుకొని పోలేదు" అన్నారాయన.

ఆ మాట నా వెంట నాగర్‌కర్నూలు దాకా వచ్చింది. ఊరికి పోలీసు దగ్గర కావాలని అనడం తేలిక. పటేలు ఎంత దగ్గర! నేరస్థ జాతుల రిజిస్టర్లు రాసిన దొర కూడా ఆ జాతుల గుడిసెలు, గుడిసెల్లో మనుషులు, వాళ్ల అడుగుజాడలు అన్నీ ఎరిగినవాడే. ఊరు పోలీసుకు తెలియడం పాత సంగతే. పోలీసు ఊరికి తెలియడం, పేరు పెట్టి పిలిచేంత తెలియడం, పిలిస్తే కేసు మీద పడుతుందన్న భయం లేకుండా తెలియడం ఈ సీమకు కొత్త. నడిగడ్డలో అవ్వ చెప్పిన తేడా అదే. ఆ పోలీసు ఎవరి పేరూ అడగలేదు.

వేరే చోట్ల కూడా ఈ పని చేసినవాళ్లున్నారు. జపాను పల్లెల్లో చూజాయిషో అని చిన్న ఠాణా ఉంటుంది. పోలీసు భార్యాపిల్లలతో అందులోనే కాపురం ఉంటాడు. కేరళలో 2008లో జనమైత్రి అని మొదలుపెట్టి బీటు పోలీసుల్ని ఇంటింటికీ పంపారు. ఇంగ్లండులో పేట పేటకూ సమావేశాలు పెట్టి, ముందుగా ఏ సమస్య చూడమంటారో జనాన్నే అడుగుతారు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. దారి పొడవునా అందరినీ అదే అడిగాను. పోలీసులు మొట్టమొదట ఏం చూడాలి?

గోపాలపేట దగ్గర టీ హోటల్లో ఒక రైతు క్షణం ఆలోచించలేదు. "ట్రాన్స్‌ఫార్మరు." రాత్రిళ్లు చేలల్లో ట్రాన్స్‌ఫార్మరు స్తంభం నుంచి దింపి, నూనె పారబోసి, లోపలి రాగి తీగ ఎత్తుకుపోతారు. స్టేషన్‌లో అది చిన్న దొంగతనం. వరి పొట్ట మీద ఉండగా పది రోజులు కరెంటు లేకపోతే రైతుకు అది ఏడాది తిండి. కేసు పుస్తకంలో రాగి ధర రాస్తారు, పంట ధర ఎక్కడా రాయరు. పక్క బెంచీ మీద ఉన్న ఆమె బెల్టు షాపు అంది. కిరాణా కొట్లో మందు సీసాలు. ఊళ్లోనే దొరుకుతుంటే కూలి డబ్బు ఇంటికి రాదు. ఇంకొకాయన కల్తీ కల్లు అన్నాడు, అని వెంటనే గొంతు తగ్గించాడు. ఈ సీమలో కల్లులో మత్తు బిళ్లల పొడి, క్లోరల్ హైడ్రేట్ కలిపేవాళ్లు. దానికి అలవాటు పడిన ఒంటికి మామూలు కల్లు ఆనదు. 2015లో కల్తీ మీద గట్టిగా పడితే, కల్లు దొరక్క నరాలు లాగి, మతి తప్పి, పాలమూరులోనూ నిజామాబాదులోనూ జనం ఆసుపత్రులకు చేరారు. దుకాణం మూయించడానికి జీపు చాలు. మూయించిన మర్నాడు పడిపోయే మనుషుల కోసం ఆసుపత్రిలో పడకలు ముందే సిద్ధం చేసుకోవాలి. ఏ ఇంట్లో ఎవరు రోజుకు ఎన్ని సీసాలు తాగుతారో ఎరిగిన పోలీసుకే ఆ లెక్క తెలుస్తుంది.

ఫోన్లో ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్న మాట కూడా ఇద్దరు ముగ్గురు చెప్పారు. బయటి ఊళ్ల దొంగల ముఠాల మాట ఎవరూ ఎత్తలేదు.

నాగర్‌కర్నూలు చేరేసరికి సాయంత్రమైంది. కేసరి సముద్రం చెరువు మీద ఎర్రటి వెలుగు. ఇక్కణ్నుంచి తూర్పుగా పోతే నల్లమల. కొల్లాపూరు, అచ్చంపేట, అమ్రాబాదు అన్న పేర్లు ఒక తరం పాటు పోలీసులకూ జనానికీ కూడా భయంతోనే వినిపించాయి. కృష్ణ ఒడ్డున సోమశిల దగ్గర 1993లో నక్సలైట్ల మందుపాతర పేలి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు, వెంట ఉన్న పోలీసులు చనిపోయారు. ఆ రోజుల్లో ఠాణాలకు ఎత్తు గోడలు, ముళ్ల కంచెలు, ఇసుక బస్తాలు వచ్చాయి. అటు అడవిలో అన్నలకు అన్నం పెట్టావని, ఇటు పోలీసులకు సమాచారం ఇచ్చావని, ఊళ్లు రెండు వైపులా నలిగాయి. పోలీసుకు ఊరి సంగతి కావాలంటే చాటున చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి పేరు బయటపడితే తెల్లారేసరికి ఉండడు. డప్పు, గొంగడి, గజ్జె కనబడితే అనుమానించిన శాఖ అది. ఆ శాఖే 2018లో డప్పు పట్టుకుని ఊళ్లోకి నడిచి, రచ్చకట్ట మీద పాడింది. గద్వాలలో డప్పు కళాకారుడు ఈ మాటే వేరేలా అన్నాడు. "చిన్నప్పుడు మా బాపు డప్పు పట్టుకొని పొరుగూరు పోతుంటే జీపు ఆపిండ్రు సార్. నన్ను జీపుల ఎక్కించుకొని డప్పు కొట్టమని తోల్కపోయిండ్రు."

ఊరిని దగ్గరగా ఎరిగినవాళ్లు లేకపోతే ఏమవుతుందో కూడా ఈ జిల్లాలే చూపించాయి. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూలు పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. గుప్తనిధులు తవ్వి ఇస్తానని నమ్మించి, భూములూ డబ్బూ రాయించుకుని, తీర్థమని చెప్పి విషం తాగించి 11 మందిని చంపాడని పోలీసులు చెప్పారు. అందులో 2020లో వనపర్తి జిల్లా నాగపూర్‌లో ఒకే ఇంట్లో చనిపోయిన నలుగురూ ఉన్నారు. చావులన్నీ ఒకచోట జరగలేదు. వేర్వేరు ఠాణాల పరిధిలో, కొన్ని ఆంధ్రలో, కర్ణాటకలో. ఒక్కో చావూ ఒక్కో ఫైలు. భర్త కనబడడం లేదని ఒకామె ఫిర్యాదు చేసి పట్టుబట్టాకే అవన్నీ ఒక తాడు మీదికి వచ్చాయి. అంతకు ముందు మూడేళ్లు ఆ మనిషి ఊళ్లలో తిరిగాడు, ఇళ్లలో కూర్చున్నాడు, పూజలు చేశాడు. ఊరివాళ్లు అతణ్ని ఎత్తుకుపోయేవాడని అనుమానించలేదు, కొట్టలేదు. అతను అడుక్కునేవాడిలా లేడు. చాంద్రాయణగుట్టలో చచ్చిపోయిన మనిషినీ, ఈ మనిషినీ పక్కపక్కన తలచుకుంటే నాకు గుండె బరువెక్కింది. భయం ఎప్పుడూ చిరిగిన గుడ్డల మీదికే పోతుంది.

ఆ రాత్రి నేను దిగింది నాగర్‌కర్నూలుకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఒక మిత్రుడి మేనమామ ఇంట్లో. బస్సు తప్పిపోయి ఆటోలో పోయేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఊరి మొదట్లోనే ఆటో వెలుగులో మంచాలు కనిపించాయి. వీధికి రెండు వైపులా, ఒకదాని పక్కన ఒకటి, కొన్నింటి మీద పిల్లలు అడ్డదిడ్డంగా పడుకుని ఉన్నారు. ఒక మంచం మీద ఇద్దరు ముసలివాళ్లు కాళ్లు కిందికి వేసి కూర్చున్నారు. సంచి భుజాన వేసుకుని దిగిన నన్ను అందరూ చూశారు. ఎవరింటికి అని ఒకతను అడిగాడు. పేరు చెప్పాను. ఇల్లు చూపించడానికి ఒక పిల్లవాడు లేచి నా ముందు పరుగెత్తాడు.

జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని వాకిట్లో కూర్చున్నాం. పదికి కాస్త ముందు ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. యూనిఫాం మీద టవలు కప్పుకున్న కానిస్టేబులు. పొరుగూరి జాతరలో బందోబస్తు డ్యూటీ చేసి పోతున్నాడట. "ఇట్ల పోతుంటే కనబడిండ్రని ఆగిన మామా" అన్నాడు మేనమామతో. మేనమామ భార్య చెంబుతో నీళ్లిచ్చింది. గటగటా తాగి, మూతి తుడుచుకుని, నన్ను చూసి "ఎవరు అన్నా, కొత్త మనిషి?" అన్నాడు. మేనమామ నా సంగతి చెప్పాడు. అతను తల ఊపాడు, నోటుబుక్కు తీయలేదు. బందోబస్తులకూ ఎన్నికలకూ పెద్దల రాకపోకలకూ పోగా ఊళ్లు తిరగడానికి రోజులు మిగలడం లేదన్నాడు. ఈ నెలలో ఈ ఊరికి ఇది రెండోసారేనట. చెబుతుంటే గొంతులో సిగ్గుపడుతున్నట్టుంది.

"మీ మోటరు కాడ ట్రాన్స్‌ఫార్మరు మంచిగనే ఉందా?" అని అడిగాడు పోయేముందు.

ఉందన్నాడు మేనమామ. బండి వెలుగు చెరువు కట్ట మీదుగా పోయి మలుపు తిరిగింది.

నాకు లోపల ఫ్యాను కింద పరుపు వేసి ఉంది. బయటే పడుకుంటానంటే మేనమామ మనవడు ఇంట్లోంచి ఇంకో మంచం ఈడ్చుకొచ్చి, వీధిలో పక్కింటి మంచానికి ఆనించి వేశాడు. నులక కాస్త వదులుగా ఉంది. పక్క మంచం మీద ఆరేడేళ్ల పాప అటు తిరిగి పడుకుంది. వాళ్ల నానమ్మ కొంగు పాప మీద కప్పి, నా వైపు చూసి, "దోమలొస్తయి బిడ్డా, దుప్పటి కప్పుకో" అని తనూ పడుకుంది.